అక్క సైకిలు మీద తమ్ముణ్ని బడికి పంపవచ్చా?

తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రం శివారు కాలనీ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. భర్త గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ఇంట్లో ఆవిడ, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. పాపకు పన్నెండేళ్లు, ఏడో తరగతి. బాబుకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఇద్దరిదీ ఒకే బడి, ఇంటికి 1.7 కిలోమీటర్ల దూరం. ముగ్గురు కూర్చునే ఆటోలో పదకొండు మంది పిల్లలు వెళ్తున్నారు. డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక అడ్డంగా వేసిన చెక్క మీద నలుగురు, బ్యాగులన్నీ బయట కొక్కేలకు. 7:50కి ఎక్కించుకొని నాలుగు కాలనీలు తిప్పి 8:40కి బడి దగ్గర దింపుతారు. "మూడు వారాల కింద ఆటో గట్టిగా బ్రేకు వేస్తే అంచున కూర్చున్న మా బాబు కింద పడ్డాడు. గడ్డం కింద రెండు కుట్లు పడ్డయి. అప్పటి నుంచి ఆటో ఎక్కమంటే ఏడుస్తున్నడు" అని రాశారు.

పాపేమో తాను సైకిలు మీద వెళ్తానని, తమ్ముణ్ని క్యారియర్ మీద కూర్చోబెట్టుకుంటానని అంటోంది. పోయిన దసరాకు కొన్న 26 అంగుళాల సైకిలు ఇంట్లో ఉంది. ఎదిగే పిల్ల కదా, నాలుగేళ్లు పనికొస్తుందని పెద్దదే తీసుకున్నారట. దారిలో మొదట కాలనీ గల్లీలు 650 మీటర్లు. గల్లీ చివర చికెన్ దుకాణం, దాని చుట్టూ కుక్కలు. తర్వాత డివైడర్ ఉన్న నాలుగు వరసల మెయిన్‌రోడ్డు. సిగ్నల్ లేదు, డివైడర్‌లో ఒక సందు మాత్రం ఉంది. అక్కణ్నుంచి మెయిన్‌రోడ్డు వెంట 450 మీటర్లు, ఆ తర్వాత బడి గల్లీ 600 మీటర్లు. "ఆడపిల్ల సైకిలేసుకొని రోడ్డు మీద పోతుంటే నలుగురేమంటరు, ఆటో కిరాయికి పైసల్లేవనుకుంటరు" అని అత్తమ్మ. లైసెన్సు అక్కర్లేని ఎలక్ట్రిక్ స్కూటీ కొనిద్దామని ఫోన్లో భర్త. ఈవిడ ఆఫీసు 9:30కి మొదలవుతుంది, ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు. "పిల్లలు నడవాలనే నాకూ ఉంది. కానీ నేను పంపిన రోజే ఏమన్నా అయితే నన్ను నేను క్షమించుకోలేను. ఏం చేయాలి?" అన్నది ఆవిడ ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరంలో ఉన్నది ఒక ప్రశ్న కాదు, రెండు. పాప సంగతి వేరు, బాబు సంగతి వేరు. ఇద్దరినీ కలిపి "పిల్లల్ని పంపాలా వద్దా" అని ఆలోచిస్తున్నందువల్లే ముడి బిగుసుకుంది. అలాగే 1.7 కిలోమీటర్లనూ ఒకే ముద్దగా చూస్తున్నారు. అందులో నిజంగా ప్రమాదకరమైనది మెయిన్‌రోడ్డు దాటే ఇరవై మీటర్లు. మిగతా దారి నేర్పితే వచ్చేది. ఈ రెండింటినీ విడదీసి చూడండి, చాలా వరకు దారి కనిపిస్తుంది.

అంతకంటే ముందు, రేపటి సంగతి. వేరే ఏర్పాటు కుదిరేదాకా పిల్లలు ఆటోలోనే వెళ్లాల్సి వస్తే డ్రైవరుతో ఖచ్చితంగా మాట్లాడండి. మీ పిల్లలు లోపలి సీటు మీదే కూర్చోవాలి. చెక్క మీదా వద్దు, ముందు సీట్లో డ్రైవరు పక్కనా వద్దు. తెరిచి ఉన్న పక్క అంచున చిన్నవాళ్లను కూర్చోబెట్టకూడదు. "అందరినీ అట్లనే తీసుకపోతున్న" అంటే మిగతా తల్లిదండ్రులను కలుపుకొని పిల్లల సంఖ్య తగ్గించమని అడగండి. అందుకు నెలకు కొంత ఎక్కువ అడుగుతారు, సహజమే. ఇవ్వగలరా లేదా మీరే లెక్క చూసుకోండి. ఇవ్వకపోతే సంఖ్య తగ్గదు.

ఇప్పుడు బాబు. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఎంత తెలివైనవాడైనా, వచ్చే బండి ఎంత వేగంతో వస్తోందో, తన దగ్గరికి చేరడానికి ఎంతసేపు పడుతుందో నమ్మకంగా అంచనా వేయలేడు. ఆ చూపు తొమ్మిది, పదేళ్లు దాటాక నెమ్మదిగా కుదురుకుంటుంది. పైగా ఎత్తు. రోడ్డు పక్కన ఆగిన కారు కంటే అతను పొట్టిగా ఉంటాడు. అతనికి బండి కనపడదు, బండి నడిపేవాళ్లకు అతను కనపడడు. అందుకే నాలుగు వరసల రోడ్డు అతను పెద్దవాళ్ల చెయ్యి పట్టుకునే దాటాలి. పెద్దవాళ్లంటే పెద్దవాళ్లే, అక్క కాదు. పన్నెండేళ్ల పిల్ల తన దారి తాను చూసుకోగలదు గానీ, చెయ్యి విదిలించుకొని పరిగెత్తే తమ్ముణ్ని, రోడ్డును ఒకేసారి చూసుకోలేదు. ఏదైనా జరిగితే ఆ బరువు ఆమె జీవితమంతా మోస్తుంది. దయచేసి తమ్ముణ్ని ఆమెకు అప్పగించకండి.

క్యారియర్ మీద కూర్చోబెట్టడం అసలే వద్దు. పాతిక కిలోల బరువు వెనక చక్రం మీద పడితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది. ఆగడానికి మామూలు కంటే ఎక్కువ దూరం కావాలి. వెనక కూర్చున్న పిల్లవాడి మడమ చక్రం పుల్లల్లో ఇరుక్కుంటే చర్మం లేచిపోతుంది, ఒక్కోసారి ఎముకా విరుగుతుంది.

స్కూటీ గురించి మీవారికి సూటిగా చెప్పండి. గంటకు 25 కిలోమీటర్లు మించని, 250 వాట్ల లోపు మోటారున్న బండ్లకే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నంబరు ప్లేటు ఉండే ఏ బండినీ పన్నెండేళ్ల పిల్లకు ఇవ్వకూడదు. ఇస్తే 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులకే 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది, పిల్లకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. లైసెన్సు అక్కర్లేని చిన్న బండే తెచ్చినా, అది ఆమె కంటే బరువుంటుంది, పక్కకు ఒరిగితే నిలబెట్టలేదు. చప్పుడు లేకుండా వస్తుంది కాబట్టి గల్లీలో నడిచేవాళ్లకు వినపడదు. చట్టం లైసెన్సు అడగనంత మాత్రాన పిల్లకు అది నడిపే నేర్పు వచ్చేసినట్టు కాదు.

ఇక దారి చూడండి. ఆదివారం కాదు, పని రోజున, సరిగ్గా పిల్లలు వెళ్లే వేళకే ఇద్దరినీ తీసుకొని నడవండి. ఆదివారం ఖాళీగా కనపడే రోడ్డు సోమవారం 8:20కి వేరేలా ఉంటుంది. ఎక్కడ మార్జిన్ లేక తారురోడ్డు మీదికి దిగాల్సి వస్తోంది, ఏ మలుపులో గోడ అడ్డు వస్తోంది, ఎక్కడ బండ్లు రాంగ్ రూట్‌లో వస్తున్నాయి, ఎక్కడ మూత లేని మోరీ ఉందో పిల్లల చేతే కాగితం మీద గీయించండి. రెండు వందల మీటర్లు చుట్టైనా సిగ్నల్ ఉన్న చోట దాటే వీలుంటే అటే వెళ్లండి. పిల్లల నడకకు అది మూడు నిమిషాలు.

దాటడమే అసలు పాఠం కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. నాలుగు వరసల రోడ్డులో ఒక సగం సుమారు 7 మీటర్లు. పిల్లల నడకకు ఏడెనిమిది సెకన్లు, సైకిలు నడిపించుకుంటూ వెళ్తే తొమ్మిది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 14 మీటర్లు వస్తుంది. అంటే తొమ్మిది సెకన్లలో 126 మీటర్లు. అందుకని దాటే చోట నిలబడి కుడివైపు 150 మీటర్ల దూరంలో ఒక గుర్తు ఎంచుకోండి, కరెంటు స్తంభమో, దుకాణం బోర్డో. "ఆ స్తంభానికి ఇవతల కదిలే బండి ఏదైనా ఉంటే అడుగు వేయకూడదు" అని నేర్పండి. వేగం అంచనా వేయడం పిల్లలకు కష్టం, స్తంభం చూడటం తేలిక. డివైడర్ నుంచి రెండో సగానికి ఎడమవైపు అలాంటి గుర్తే ఇంకొకటి కావాలి. మొదటి సగంలో కుడి, ఎడమ, మళ్లీ కుడి. డివైడర్ దగ్గర ఆగి ఎడమ, కుడి, మళ్లీ ఎడమ. వన్‌వే కదా అని రెండో పక్క చూడటం మానకూడదు, రాంగ్ రూట్ బండ్లు వచ్చేది అటు నుంచే.

డివైడర్ సందును టేపు పెట్టి కొలవండి. సైకిలు పొడవు దాదాపు 1.7 మీటర్లు. డివైడర్ వెడల్పు అంతకంటే తక్కువైతే పాప మధ్యలో ఆగినప్పుడు ముందు చక్రమో వెనక చక్రమో బండ్ల దారిలోకి పొడుచుకొని ఉంటుంది. అప్పుడు ఆ చోటు సైకిలుకు పనికిరాదు, నడకకు మాత్రమే. ఎక్కడైనా సరే, సైకిలు దిగి నడిపించుకుంటూనే దాటాలి.

పెద్దవాళ్లు తెలియక చేసే పొరపాట్లు రెండున్నాయి. ఒకటి, చెయ్యి పట్టుకొని "ఉరుకు, ఉరుకు" అంటూ పరిగెత్తించడం. పిల్లలు పరుగే నేర్చుకుంటారు, చూడటం నేర్చుకోరు. రెండోది ఇంకా ప్రమాదం. సాయంత్రం తీసుకెళ్లడానికి వచ్చి రోడ్డుకు ఇవతలే నిలబడి పిల్లల్ని పేరుపెట్టి పిలవడం. అమ్మ కనపడగానే పిల్లలు రోడ్డు మరిచిపోయి పరిగెత్తుకొస్తారు. ఎవరు తీసుకెళ్లడానికి వెళ్లినా బడివైపు అంచునే నిలబడాలి.

నేర్పడం మెట్లు మెట్లుగా జరగాలి. మొదట మీరు చూసేదంతా పైకి చెప్తూ దాటండి. తర్వాత "ఇప్పుడు దాటొచ్చా?" అని పాపను అడిగి, ఆమె చెప్పినప్పుడే కదలండి. ఆ తర్వాత పది అడుగుల వెనక నడవండి, నోరు విప్పకుండా. మీరు ఒక్కసారి కూడా హెచ్చరించాల్సిన అవసరం రాకుండా వరసగా పది పనిరోజులు గడిస్తే ఆమె సిద్ధం. మధ్యలో ఒక్క రోజు తప్పినా మళ్లీ ఒకటి నుంచి లెక్క. మూడు వారాలు పట్టొచ్చు, రెండు నెలలూ పట్టొచ్చు.

సైకిలు సంగతి. నాలుగేళ్లు వస్తుందని పెద్దది కొనడం మన ఇళ్లలో మామూలే, కానీ అలాంటి సైకిలు పిల్లల అదుపులో ఉండదు. 135 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లలకు మామూలుగా 24 అంగుళాల చక్రం సరిపోతుంది. రెండు పాదాలూ నేలమీద ఆనించి సైకిలు మధ్య గొట్టానికి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడితే గొట్టానికి, ఆమెకు మధ్య రెండు, మూడు వేళ్ల సందు ఉండాలి. సీటు మీద కూర్చుంటే రెండు పాదాల ముందు భాగాలూ నేలకు ఆనాలి. సీటు పూర్తిగా దించినా అలా కుదరకపోతే పాతదిచ్చి 24 అంగుళాలది మార్చుకోండి. కొంత నష్టమే, కానీ అరగంట సైకిలు షాపులో కూర్చుంటే తేలిపోయే పని.

రోడ్డెక్కే ముందు మైదానంలో నాలుగు పనులు రావాలి. గీత మీద తిన్నగా తొక్కుతూ భుజం మీదుగా వెనక్కి చూడటం, చూసినప్పుడు సైకిలు పక్కకు పోకూడదు. ఒంటి చేత్తో తొక్కుతూ రెండో చేత్తో సైగ చేయడం. మీరు "ఆగు" అనగానే రెండు సైకిళ్ల పొడవులో ఆగడం. నడకంత నెమ్మదిగా పది మీటర్లు కాలు దించకుండా తొక్కడం. చాలామంది పిల్లలకు మొదటిదే రాదు. అది వచ్చేదాకా మెయిన్‌రోడ్డు వద్దు.

చున్నీ మాట మరవకండి. చున్నీ కొస చైనులోనో వెనక చక్రంలోనో చిక్కితే మెడ బిగుసుకుంటుంది. నడుముకు చుట్టి పిన్ను పెట్టండి లేదా మడిచి బ్యాగులో పెట్టుకొని బడిలో వేసుకోమనండి. చైన్ కవర్, వెనక చక్రానికి జాలీ పెట్టించండి. బ్యాగు వీపున కాకుండా వెనక క్యారియర్‌కు ఎలాస్టిక్ తాడుతో కట్టాలి. హ్యాండిల్‌కు ఏ సంచీ తగిలించకూడదు, మలుపులో అది పుల్లల్లోకి వెళ్తుంది. బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు మించకూడదని 2020 నాటి స్కూలు బ్యాగు విధానం చెప్తోంది. నడిచే బాబుకు ఇది ఇంకా ముఖ్యం.

హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్లు పైన నిలవాలి, గడ్డం కింద తాడుకు ఒక వేలు మాత్రమే దూరాలి. ఒకసారి గట్టిగా పడ్డాక పైకి బాగున్నట్టున్నా మార్చాలి. రోజూ బయల్దేరే ముందు ఒక నిమిషం: టైరు బొటనవేలితో నొక్కి చూడటం, రెండు బ్రేకులు పట్టి చూడటం (లివరు హ్యాండిల్‌కు ఆనితే తీగ బిగించాలి), చైను వదులుగా వేలాడుతోందేమో చూడటం, బెల్లు. వానలో రిమ్ము తడిసి బ్రేకు ఆలస్యంగా పడుతుంది, కాబట్టి ముందే నెమ్మదించాలి.

మెయిన్‌రోడ్డు దాటాక బడి ఎటువైపో మీరు రాయలేదు. దాటిన తర్వాత కుడికి తిరగాలంటే బండ్లు వెళ్లే దిశలోనే ఎడమ అంచున తొక్కుకుంటూ వెళ్లవచ్చు, ఆగిన కార్లకు మీటరు ఎడంగా. ఎవరైనా తలుపు తీస్తే తగలకుండా ఆ దూరం. ఎడమకైతే ఆమె రాంగ్ రూట్‌లో తొక్కాల్సి వస్తుంది, అది వద్దు. దాటకుండా మీవైపు అంచునే 450 మీటర్లు తొక్కి, బడి గల్లీకి ఎదురుగా సందు ఉంటే అక్కడ దాటాలి. సందు లేకపోతే ముందే దాటి, అవతలి అంచున సైకిలు నడిపించుకుంటూ వెళ్లాలి, ఆరేడు నిమిషాలు. నడిచేవాళ్లకు మాత్రం ఫుట్‌పాత్ లేని చోట ఎదురుగా వచ్చే బండ్లు కనపడే వైపే మంచిది.

మీ ముందు నాకు కనపడే దారులు ఇవి. కాలనీ నుంచి అదే బడికి వెళ్లే నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి పిల్లల్ని గుంపుగా నడిపించడం. వారంలో ఒక్కో రోజు ఒక్కొక్కరు. పిల్లలు ఎనిమిది మందిని మించితే పెద్దవాళ్లు ముందొకరు, వెనకొకరు కావాలి. 8:10కి బయల్దేరితే 8:40కి బడి. ఇప్పుడు 7:50కే ఆటో ఎక్కుతున్నారు కాబట్టి మీకు ఇరవై నిమిషాలు మిగులుతాయి కూడా. దీని కష్టమల్లా ఒకరు రాని రోజున అంతా ఆగిపోవడం. అందుకే ప్రతి రోజుకూ రెండో పేరు ముందే రాసుకోవాలి.

గుంపు కుదరకపోతే మీరే పిల్లలతో నడిచి రోడ్డు దాటించి వెనక్కి రావడం. ఇంటి నుంచి దాటే చోటికి పది నిమిషాలు, తిరిగి ఎనిమిది. 8:35కల్లా ఇంట్లో ఉంటారు. కానీ ఆ తర్వాత కిలోమీటరుకు పైగా బాబు అక్క వెంట నడవాలి. మెయిన్‌రోడ్డు వెంట గట్టు ఎత్తుగా, ఖాళీగా ఉంటేనే ఇది ఒప్పుకోండి. మూడో దారి, పాప సైకిలు మీద, బాబు పిల్లలు తగ్గిన ఆటోలో. ఇది ఖర్చు, కానీ వెంటనే మొదలుపెట్టవచ్చు. నా మొగ్గు మొదటిదాని వైపు. ఎందుకంటే గుంపుగా వెళ్లే పిల్లలు డ్రైవర్లకు దూరం నుంచే కనపడతారు, దారిలో ఎవరైనా వెంటపడే భయమూ తగ్గుతుంది.

అత్తమ్మ భయంలో మూడు భయాలున్నాయి: బండ్లు, అల్లరి పోకిరీలు, నలుగురి మాట. బండ్ల భయానికి జవాబు పైన చెప్పిన పది రోజుల పరీక్ష. ఆవిడనే లెక్క రాయమనండి. పోకిరీల భయం నిజమైనదే, కొట్టిపారేయకండి. దారిలో రెండు నమ్మకమైన దుకాణాలు ఎంచుకొని వాళ్లకు పాపను పరిచయం చేయండి. ఎవరైనా వెంటపడితే ఇంటికి పరిగెత్తడం కాదు, దగ్గరున్న ఆ దుకాణంలోకి వెళ్లాలి. పిల్లల సాయం కోసం 1098 ఫోను నంబరు, అత్యవసరానికి 112, మన రాష్ట్రంలో ఆడపిల్లల రక్షణకు పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. ఏం జరిగినా "సైకిలు మాన్పిస్తాం" అనం అని ముందే మాట ఇవ్వండి. ఆ భయం ఉంటే పాప మీకు చెప్పకుండా దాచుకుంటుంది. నలుగురి మాటకైతే, బీహార్ ప్రభుత్వం 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లకు డబ్బులిచ్చింది, ఊళ్లో గుంపులుగా సైకిళ్లెక్కిన ఆడపిల్లలే అక్కడ బడికి వెళ్లే సంఖ్యను పెంచారు. ఒక్క పిల్ల వెళ్తే మాట వస్తుంది, ఐదుగురు వెళ్తే అలవాటవుతుంది.

కుక్కల దగ్గర పరిగెత్తకూడదు, కళ్లలోకి చూడకూడదు, రాయి తీయకూడదు. సైకిలు మీదుంటే దిగి, సైకిలును కుక్కకు, తనకు మధ్య ఉంచుకొని నడవాలి. కరిచినా, గీరినా పారే నీళ్లతో సబ్బుపెట్టి పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి. చికెన్ దుకాణం వాళ్లను వ్యర్థాలు బయట వేయొద్దని కాలనీవాళ్లు కలిసి అడగండి, కుక్కలు అక్కడ చేరేది వాటికోసమే.

బడికి తల్లిదండ్రులంతా సంతకాలతో ఒక ఉత్తరం ఇవ్వండి. నడిచే, సైకిలు పిల్లల్ని సాయంత్రం ఐదు నిమిషాలు ముందు వదలమని, బండ్లవాళ్లు గేటుకు వంద మీటర్ల దూరంలోనే ఆపాలని, ఉదయం పావుగంట దాటే చోట ఒక మనిషిని పెట్టమని. జీబ్రా గీతలు, పోలీసు కోసం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో సోమవారం దరఖాస్తు ఇవ్వండి. "రోడ్డు బాగాలేదు" అని రాస్తే ఎవరూ కదలరు. మూడు రోజుల ఫోటోలు, 8:15 నుంచి 8:30 వరకు ఎన్ని బండ్లు వెళ్లాయో, ఎందరు పిల్లలు దాటారో లెక్క పెట్టండి. ఆ రోడ్డు మున్సిపాలిటీదా, ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ)దా, జాతీయ రహదారా ముందే కనుక్కోండి. తప్పు ఆఫీసుకు వెళ్లిన కాగితం ఏడాది తిరుగుతుంది.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే పిల్లల్ని బడి నుంచి వదిలేది మిట్ట మధ్యాహ్నం 12:30కి. ఆ నెలన్నర ఉదయం నడక, మధ్యాహ్నం ఆటో అనుకోవడంలో తప్పేమీ లేదు. వానాకాలం నీళ్లు నిలిచిన రోజు నడక మానేయండి, కింద మూత లేని మోరీ ఉందో లేదో ఎవరికీ కనపడదు.

మిగిలింది సాయంత్రం. మీరు ఆఫీసులో ఉంటారు, అత్తమ్మను మెయిన్‌రోడ్డు దాకా రమ్మనడం కష్టం. గుంపులో సాయంత్రం వంతు ఎవరూ తీసుకోకపోతే బాబును ఆ పూట ఆటోలోనే రానివ్వండి, ఉదయం నడక మొదలైనంత మాత్రాన రెండు పూటలూ ఒకేసారి మారాలని లేదు. 4:15కి బడి వదిలితే పాప 4:45కల్లా ఇంట్లో ఉండాలి. రాగానే అత్తమ్మ ఫోను నుంచి మీకు ఒక మిస్డ్ కాల్. 5 గంటలకు రాకపోతే అత్తమ్మ మొదట చేయాల్సింది దారిలో మీరు ఎంచుకున్న నమ్మకమైన దుకాణానికి ఫోను, తర్వాత బడికి, తర్వాత మీకు. ఆ మూడు నంబర్లూ పెద్ద అంకెలతో రాసి ఇంటి గోడకు అంటించండి.